గుండు చేయించుకుని 11 నెలలు: అటు పొట్టీ ఇటు పొడుగూ కాని జుట్టును ఇస్త్రీ పెట్టకుండా సర్దుకోవడం ఎలా?

అడిగినమ్మాయి సంగతి ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తిరుమలలో తలనీలాలు ఇచ్చి 11 నెలలైంది. సొంతూరు ఒంగోలు, ఉద్యోగం చెన్నైలో, ఉండేది వేళచ్చేరిలో, ఆఫీసుకి స్కూటీ మీద వెళ్తుంది. జుట్టు చెవుల పక్కన రెక్కల్లా లేస్తోందట, వెనక మాత్రం భుజాల మీదకి ఎలుక తోకలా దిగిందట. రోజూ స్ట్రెయిట్‌నర్ పెట్టడం ఇష్టం లేదు. వచ్చే నెల చిన్నాన్న కూతురి పెళ్లి. "అక్కా, అంతా కొట్టించేసి బాబ్ చేయించుకోనా, ఓపిక పట్టనా?" అన్నది ప్రశ్న.

ఓపిక పట్టు. కానీ చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మెడ మీద జుట్టు మాత్రం ఆరేడు వారాలకోసారి కత్తిరించుకుంటూ ఉండు, నడినెత్తి జోలికి పోకు. తల తడి ఆరేటప్పుడే దానికి రూపం పెట్టెయ్. వేడితో పని లేకుండా ఈ రెండిటితోనే గట్టెక్కొచ్చు. మిగతావన్నీ వీటికి తోకలే.

నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు. మాది నెల్లూరు, కోడంబాక్కంలో 19 ఏళ్లుగా చిన్న పార్లర్ నడుపుతున్నాను. కుర్చీలో కూర్చున్న అమ్మాయిని మీరు అంటే నాకు చెయ్యి ఆడదు.

ముందు ఆ ఎలుక తోక ఎందుకొచ్చిందో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది. 11 నెలలంటే అయిదు, అయిదున్నర అంగుళాలు. గుండు తర్వాత వచ్చిన జుట్టు కాబట్టి తలంతా అదే పొడవు. మరి ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా ఎందుకు కనిపిస్తోంది? మెడ మీద మొలిచిన వెంట్రుకకి భుజం దగ్గరే, ఇట్టే చేరుతుంది. నడినెత్తిన మొలిచిన వెంట్రుక అదే అయిదున్నర అంగుళాలు ప్రయాణం చేస్తే చెవి దాకానే వస్తుంది. పొడవు ఒకటే, బయల్దేరిన చోటు వేరు. అందుకే కింద పలచగా తోకలా, పైన గొడుగులా తయారవుతుంది. నీ జుట్టులో తప్పేం లేదు, గుండు చేయించుకున్న ఆడవాళ్లందరికీ ఈ దశ రావాల్సిందే.

పై జుట్టు కిందకి దిగేదాకా కింది జుట్టుని ఆపి ఉంచాలి. అందుకే మెడ దగ్గర కత్తెర అన్నాను. ఒక్కోసారి పావు అంగుళం, మహా అయితే అరంగుళం. నిజానికి ఇది కూడా ఒకరకంగా బాబే, కాకపోతే వాయిదాల మీద. నువ్వన్నట్టు ఒక్కసారే చేయిస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ తలంతా ఒక వరసకి రావాలంటే పైది చెవి దాకానే ఉంది కాబట్టి కిందదంతా చెవి దాకా తీసెయ్యాలి. వెనక వైపు నాలుగైదు నెలల పెరుగుదల ఒక్క పూటలో చెత్తబుట్టలోకి పోతుంది.

చెన్నై పార్లర్లలో ఒక ఇబ్బంది ఉంది. మనం తెలుగులో ఒకటి చెబితే వాళ్లు ఇంకోటి అర్థం చేసుకుంటారు. చక్కగా ఈ మాట నేర్చుకుని వెళ్లు: "పిన్నాడి మట్టుం, మేలే తొడాదీంగ." వెనక మాత్రమే, పైన ముట్టుకోకండి అని. ఇంకో మాట. "ఒత్తు తగ్గిస్తాం మేడమ్, లైట్‌గా ఉంటుంది" అంటూ దువ్వెన పళ్లున్న కత్తెర తీస్తే చెయ్యి అడ్డం పెట్టు. దాంతో కత్తిరిస్తే మధ్యమధ్యలో అంగుళం, రెండంగుళాల మొలకలు మిగులుతాయి. ఈ ఊరి ఉక్కకి అవన్నీ ముళ్లపందిలా నిలబడతాయి. పొడుగు జుట్టులో ఆ కత్తెర నేనూ వాడతాను గానీ పెంచుతున్న జుట్టులో ఎప్పుడూ పెట్టను.

ఇక రెండో సంగతి, తడి. గంజి పెట్టిన నూలు చీర తీగ మీద ఎలా ఆరితే అలా బిగుసుకుపోదూ? జుట్టూ అంతే. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్. అందులో హైడ్రోజన్ బంధాలని ఉంటాయి. తడిస్తే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్లీ ముడిపడతాయి. స్ట్రెయిట్‌నర్ కూడా ఈ బంధాలనే విప్పి కడుతుంది, మూడు నిమిషాల్లో చేస్తుంది, అంతే. మనం అదే పని రాత్రంతా తీరిగ్గా చేయిస్తాం.

నువ్వు ఉదయం ఏడింటికి తలంటుకుని, సగం తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతుంటావని నా అనుమానం. మా దగ్గరికొచ్చే ఉద్యోగాల పిల్లల్లో ఎక్కువమంది చేసేది ఇదే. అప్పుడు జుట్టుకి రూపం పెట్టేది నువ్వు కాదు, హెల్మెట్. నెత్తిన అణిగి, చెవుల కింద బయటికి వంకర తిరిగి, ఆఫీసు ఏసీలో అలాగే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత దువ్వినా మాట వినదు. తలస్నానం సాయంత్రానికి మార్చుకో. నీ రెక్కలు సగం దీంతోనే అణుగుతాయి.

సాయంత్రం తలంటుకున్నాక టర్కీ టవల్‌తో రుద్దకు, పాత నూలు బనీను గుడ్డతో అద్దుకో. ఫ్యాన్ కింద ముప్పాతిక వంతు ఆరనివ్వు. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, నీళ్లు చేతికి అంటకూడదు. ఇప్పుడు నీకు రెండు దారులు.

అణగాలి, నున్నగా ఉండాలి అంటే చుట్టు కట్టు. పక్క పాపిట తీసి, జుట్టంతా ఒకే దిక్కుకి, తల చుట్టూ తలపాగా తిప్పినట్టు దువ్వుకుంటూ పో. నుదుటి నుంచి చెవి మీదుగా వెనక్కి, వెనక నుంచి రెండో చెవి మీదకి. రెండు మూడంగుళాలకో స్లైడ్, అదే చెంపపిన్ను, పెట్టు. పైన పట్టు గుడ్డో శాటిన్ స్కార్ఫో కట్టి పడుకో. పొద్దున విప్పి వేళ్లతో దువ్వితే చాలు, జుట్టు తలని అంటిపెట్టుకుని, కొసలు లోపలికి తిరిగి ఉంటుంది. నీ పొడవుకి ఇది సరిగ్గా కుదురుతుంది. నాలుగంగుళాల లోపు జుట్టున్నవాళ్లకి మాత్రం మెడ దగ్గర స్లైడ్ నిలవదు.

ఉంగరాలు కావాలంటే వేలి చుట్లు. అంగుళం పాయ తీసుకుని కొస నుంచి రెండు వేళ్ల చుట్టూ మాడు దాకా చుట్టి, వేళ్లు లాగేసి, ఆ చుట్టని తలకి బిళ్లలా ఆనించి రెండు స్లైడ్లు కత్తెర గుర్తులా పెట్టాలి. తలంతా 14, 16 చుట్లు వస్తాయి. అలవాటయ్యేదాకా అరగంట పడుతుంది, తర్వాత టీవీ చూస్తూ పది నిమిషాల్లో అయిపోతుంది. వీడియోల్లో చూపించే సాక్సు, డ్రెస్సింగ్ గౌను బెల్టు లాంటివి నీకు ఇప్పుడు పనికిరావు. అంత లావు దాని చుట్టూ అయిదంగుళాల జుట్టు ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు, కొస మాత్రం వంకరపోతుంది. అవి భుజం దాటిన జుట్టుకి.

ఏది చేసినా పూర్తిగా ఆరాకే విప్పాలి. లోపల చెమ్మ ఉండగా విప్పితే రాత్రి పడ్డ పాటంతా గంటలో పోతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. తడితో పెట్టిన రూపం తడికే పోతుంది. చెన్నై గాలిలో ఎప్పుడూ చెమ్మే. ఉదయం ఎనిమిదింటికి బాగున్నది మధ్యాహ్నానికి సడలుతుంది. దానికి విరుగుడు అవిసె గింజల జెల్. ఇక్కడ కొట్లో 'ఆళివిదై' అని అడిగితే ఇస్తారు. రెండు పెద్ద చెంచాల గింజలు, రెండు గ్లాసుల నీళ్లు, సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉండు. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడు దించు. వేడిగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టు. చల్లారనిస్తే గుడ్డలోంచి చుక్క దిగదు, మొదటిసారి నేను గింజలతో సహా పారబోసుకున్నాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. చుట్టే ముందు తలంతటికీ ఒక చెంచా చాలు. ఎక్కువైతే ఎండి చుండ్రులా తెల్లగా రాలుతుంది. పొద్దున విప్పాక రెండు చుక్కలు కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది కొసలకి మాత్రం రాయి.

ఇది చెయ్యలేనంత హడావుడి రోజులు ఉంటాయి. ఆ పూట కాఫీ పెట్టుకునే ముందు చెవుల పక్క జుట్టు నీళ్లతో తడిపి, కాస్త జెల్ రాసి, కిందకి దువ్వి, చున్నీని నాలుగు వేళ్ల వెడల్పు మడిచి నుదుటి నుంచి మెడ వెనక్కి చెవుల మీదుగా కట్టేసెయ్. కాఫీ, టిఫిను, క్యారేజీ అయ్యేసరికి ఇరవై నిమిషాలు గడుస్తాయి. విప్పితే రెక్కలు ఉండవు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎక్కువగా వాడేది ఈ చున్నీ కట్టే.

వేడి ఎందుకొద్దంటున్నానో నా తల మీదే అనుభవం ఉంది. 2013లో మా ఆయనకి ఆపరేషన్ గండం గడిచాక నేనూ కొండకెళ్లి జుట్టు ఇచ్చేశాను. పార్లర్ నాది, మెషీన్ నా చేతిలోదే, ఊరుకుంటానా? తొమ్మిదో నెలలో మా ఆడపడుచు గృహప్రవేశం. తలంటుకుని, పైపైన ఆరినట్టనిపిస్తే స్ట్రెయిట్‌నర్ పెట్టేశాను. చుయ్ మంది, పొగలాగా ఆవిరి లేచింది. ఫొటోల్లో బ్రహ్మాండంగా వచ్చాను. వారం తిరక్కుండా చెంపల దగ్గర జుట్టు సగానికి తెగి దువ్వెనలో రావడం మొదలైంది. మెషీన్ 180, 200 డిగ్రీల్లో ఉంటుంది, నీళ్లు మరగడానికి 100 చాలు. వెంట్రుక లోపల దాగిన తడి ఒక్కసారి ఆవిరై బుడగలు కడుతుంది, అక్కడ పెళుసై తెగుతుంది. తొమ్మిది నెలల ఓపిక, ఒక్క గృహప్రవేశానికి సరి. మొదళ్లలో నెలకి అరంగుళం వస్తూనే ఉంటుంది, కొసల్లో అరంగుళం తెగుతుంటే పెరగడం లేదనే అనిపిస్తుంది. "నా జుట్టు పెరగదక్కా" అని వచ్చే చాలామంది కొసలు పట్టి చూస్తే సంగతి ఇదే. పైగా పొట్టి జుట్టుకి మెషీన్ పెడితే చెవులు, మెడ కాలడం అదనం.

డ్రయ్యర్ కూడా ముట్టుకోకూడదా అని అడుగుతారు. చల్లగాలి బటన్ ఉంటే వాడుకో, అది చేతిలో పట్టుకున్న ఫ్యానే కదా.

పగటిపూట సర్దుకోవడానికి మూడు నాలుగు పద్ధతులు వస్తే చాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మెలి. పక్క పాపిట దగ్గర నుంచి రెండు చిన్న పాయలు తీసి ఒకదాని మీద ఒకటి వేసి మెలితిప్పుతూ, నుదుటి అంచు వెంబడే కింద నుంచి కొత్త జుట్టు కలుపుకుంటూ చెవి వెనక దాకా రావాలి. అక్కడ రెండు స్లైడ్లు కత్తెర గుర్తులా. మూడు పాయల జడైతే ఈ పొడవులో పొట్టి వెంట్రుకలు పక్కల నుంచి పొడుచుకొస్తాయి, రెండు పాయల మెలిలో అన్నీ లోపలే ఇరుక్కుంటాయి. ఒకవైపే మెలి వేసి రెండోవైపు వదిలేస్తే చీరకి, చుడీదారుకి, జీన్సుకి దేనికైనా బాగుంటుంది. రెండోది సగం పిలక. చెవుల పై నుంచి జుట్టు తీసి వెనక చిన్న బ్యాండు, కింద జుట్టు వదిలెయ్యడం. మెడ జుట్టు కత్తిరించి సమంగా ఉంచుకున్నదానికి ఇక్కడ ఫలితం తెలుస్తుంది. హెయిర్ బ్యాండ్ గురించి చెప్పేదేముంది, పెట్టుకోవడమే. పళ్లున్న ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు, కొత్త జుట్టుని లాగుతుంది.

స్లైడ్లు ఎలా పెట్టాలో చాలామందికి తెలియదు. వంకీలున్న వైపు మాడుకి ఆనాలి, నున్నటి వైపు పైకి. మనందరం తిరగేసి పెడతాం, అందుకే జారిపోతాయి. జుట్టు దువ్విన దిక్కుకే కాకుండా కొంచెం ఎదురుగా పట్టి, తిప్పి, లోపలికి తోస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది. కొసన మైనపు బొట్టు ఊడిపోయిన స్లైడ్ పారెయ్, మాడు గీసుకుంటుంది. ఒక ఆదివారం ఎలాగూ రంగనాథన్ స్ట్రీట్ తోపులాటలో పడతావు కాబట్టి అక్కడే చెంపపిన్నులు, యూ పిన్నులు, స్ప్రింగుల్లాంటి సన్న బ్యాండ్లు కొనుక్కో. డబ్బు బ్యాండ్లు, అదే నోట్ల కట్టకి వేసే రబ్బర్లు, తలకి పెట్టొద్దు. తీసేటప్పుడు నాలుగు వెంట్రుకలైనా తీసుకుపోతాయి.

హెల్మెట్ తప్పదు. దాని కింద పలచటి శాటిన్ గుడ్డ కట్టుకో. మెలి వేసుకున్న రోజు కొసకి స్లైడ్ల బదులు సన్న బ్యాండు వేసుకుంటే హెల్మెట్ దిగేసరికి కూడా కదలదు. వదులు జుట్టు రోజు అయితే ఆఫీసుకెళ్లాకే స్లైడ్లు పెట్టుకో. హెల్మెట్ కింద స్లైడ్లు మాడుకి గుచ్చుకుంటాయి, పడ్డావంటే ప్రమాదం కూడా.

కొన్ని జాగ్రత్తలు. ఏదీ లాగి కట్టకు. రాత్రి విప్పాక మొదళ్లు నొప్పి పెడుతున్నా, నుదుటి అంచున చిన్న పొక్కులు లేస్తున్నా నువ్వు బిగిస్తున్నట్టే. రోజూ అలా లాగితే చెంపల దగ్గర జుట్టు పోతుంది, ఆలస్యం చేస్తే తిరిగి రాదు. పాపిట ఒకే చోట తీయకు. ఎక్కడైనా రూపాయి బిళ్లంత నున్నగా కనిపిస్తే నాలాంటివాళ్లని అడగొద్దు, చర్మం డాక్టర్‌కి చూపించు. క్యాన్సర్ చికిత్స తర్వాత జుట్టు పెంచుకుంటున్నవాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి మొదట్లో పసిపిల్లల జుట్టులా మెత్తగా, ఒక్కోసారి ఉంగరాలుగా వస్తుంది. వాళ్లకి స్లైడ్లు, చుట్లు తర్వాత, ముందు డాక్టర్ మాట.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మీ అమ్మమ్మ చెప్పి ఉంటుంది. కుదుళ్లు ఎన్నున్నాయో అన్నే ఉంటాయి. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి దట్టంగా తగులుతుంది, అంతే. ఆశపడి తర్వాత బాధపడకు. నూనె రాస్తే వేగంగా పెరుగుతుందన్నదీ అంతే. తలంటుకి ముందు కొబ్బరినూనె మంచిదే, వెంట్రుక లోపలికి వెళ్లి తడికి అది మరీ ఉబ్బిపోకుండా కాపాడుతుంది. పెరగడం మాత్రం దాని చేతిలో లేదు.

ఇక పెళ్లి. పూలజడ ఆలోచన మానుకో. సవరం కట్టి, దాని మీద పూలజడ వేస్తే ఆ బరువంతా నీ అయిదంగుళాల జుట్టు మొయ్యాలి. పోయినేడు ఒక బ్యాంకు అమ్మాయి ఏడ్చినంత పని చేసి వేయించుకుంది, అక్షింతలు పడకముందే వెనక పక్కకి వాలిపోయింది, మూడు రోజులు తలనొప్పి. నువ్వు ముందు రోజు రాత్రి వేలి చుట్లు వేసుకో. పొద్దున రెండు వైపులా మెలి తిప్పి వెనక కలిపి పిన్ను చెయ్. ఆ ముడి మీద పిడికిలంత తేలికైన వల కొప్పు, దాని చుట్టూ పూలు, యూ పిన్నులతో. కనకాంబరాలైతే అసలు బరువే ఉండదు, రంగు కూడా పట్టుచీరకి నిండుగా ఉంటుంది. మల్లెలే కావాలంటే మూర మించొద్దు. పూలమ్మే ఆవిడ నీళ్లు చల్లి ఇస్తుంది కదా, దాన్ని పొడి గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టి అప్పుడు పెట్టుకో, లేకపోతే ఆ తడికి రాత్రి వేసిన చుట్లు విచ్చుకుంటాయి. పెళ్లికి ముందు రెండు వారాల్లో మెడ దగ్గర కత్తిరించొద్దు, పిన్నుకి ఆ కాస్త జుట్టూ కావాలి.

ఇంకో అయిదు నెలలకి నడినెత్తి జుట్టు మెడ దాకా దిగి, అంతా కలిపి ఒక్క బ్యాండులో పడుతుంది. ఆ రోజు నుంచి మెడ కత్తిరింపు ఆపేసెయ్. ఆ పైన ఇంకో రెండు మూడు నెలలకి బెత్తెడు జడ వస్తుంది. అప్పటిదాకా స్లైడ్లు రెండు డబ్బాలు కొని పెట్టుకో. ఒక డబ్బా ఎలాగూ స్కూటీ డిక్కీలో పోతుంది.